సాలెపురుగు ఊరు, పేరు

క్రొత్త మనిషి యెవరైన వాకిట నిలిచినపుడు మనము మొదట నడుగునది ఊరు, పేరు. అవి తెలిసిన పిమ్మటనే అరుగుమీద కూర్చుండుమందుము, మంచినీళ్లిత్తుము. మన గోడలందును, చూరులందును, పెరటి రాళ్లక్రిందను తరతరములుగా కాపురముండు సాలెపురుగు విషయమున మాత్రము ఈ మర్యాద మనకు జ్ఞప్తికి రాదు. కనబడగనే చేతికి చీపురో చెప్పో వచ్చును. దాని ఊరు పేరు విచారింపకయే తీర్పు చెప్పి మేమొకసారి చేసిన పొరపాటును ముందు చెప్పి, పిమ్మట ఈ పురుగుల కులగోత్రములు నిర్ణయించువారు ఏమి చూతురో, ఎట్లు చూతురో మనవి చేయుదుము.

మేము హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండ ప్రాంతమున, ఒక పాత యింట కాపురముందుము. సున్నపు గోడలు, నడుమ వాకిలి, వాకిటిలో ఒక వేపచెట్టు. వెనుకప్రక్క ఎన్నడో కూలిన ప్రహరిగోడ తాలూకు ఇటుకలును రాళ్లును కుప్పగా పడియుండెను. కొన్ని యేండ్ల క్రిందట, వానకాలమున, ఒక సాయంకాలము పొరుగింటి యిల్లాలు పచ్చడిసీసా నొకదానిని కొంగుతో మూసి పట్టుకొని పరుగున వచ్చెను. ఆమె వెనుక పదేండ్ల కుమారుడు ఒక కాలు నేల మోపలేక కుంటుచు వచ్చెను. మడమ వాచి యెర్రబడి యుండెను.

"సారూ, గిదే కరిచింది పోరనికి. గా ఇటుకల కాడ దొరికింది. ఇదేం పురుగో జర చూడుండ్రి" అని ఆమె సీసాను మా చేతికిచ్చెను.

మేము ముప్పది యేండ్లు కళాశాలలో జంతుశాస్త్రము బోధించినవారము. ఆ గల్లీలో పాము కనబడినను తేలు కనబడినను కబురు మాకే వచ్చును. సీసాలో గోధుమవన్నె సాలెపురుగు. కాళ్లతో కూడ రూపాయిబిళ్లకన్న కొంత పెద్దది. ఒంటినిండ నూగు. వీపంతయు కంతులు లేచినట్లు గరుకుగా నుండెను. అంతకు కొన్ని దినముల ముందే ఏదో పత్రికలో టరాంటులాలను గూర్చి చదివియుంటిమి. ఆ మాటయే నోటికి వచ్చినది. "ఇది టరాంటులా వలె నున్నది. పిల్లవానిని వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు" అంటిమి.

రెండవ వాక్యములో తప్పు లేదు. మొదటి వాక్యము మాత్రము గంటలోపల గల్లీయంతయు తిరిగి వచ్చెను. చీకటి పడులోపల నలుగురు యువకులు కిరోసిన్ డబ్బాతో వచ్చి ఇటుకల కుప్పపై గుమ్మరించి నిప్పంటించిరి. మూడవ యింటి ముసలమ్మ, మేమందరము ఖాలా యని పిలుచు నామె, మేడమీదనుండి "మకడీకు నక్కో మారో" యని కేకలు వేయుచునే యుండెను. ప్రవక్త గుహలో దాగినపుడు ద్వారమునకు వల యల్లి కాపాడినది సాలెపురుగే యని వారి పెద్దలు చెప్పుదురు. ఆమె తన యింట దానిని చంపనీయదు. మన శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' యును సాలెపురుగే కదా. ఐనను ఆ రాత్రి ఆమె మాట ఎవరును వినలేదు. మేమును నోరు మెదపలేదు.

మంట ఆరిన తరువాత, మనసు కుదుటపడక, సీసాను బల్లదీపముక్రింద పెట్టి భూతద్దముతో చూచితిమి. వీపుమీది కంతులు కదలినవి! అవి కంతులు కావు, పిల్లలు. ఆవగింజలంతటి పిల్లలు పదులకొలది ఒకదానిపై నొకటి కూర్చుండి తల్లి నూగును పట్టుకొని యుండెను. ముప్పది యేండ్ల పాటు నల్లబల్లపై బొమ్మ వేసి విద్యార్థులకు చెప్పిన లక్షణము కన్నులయెదుట నుండగా మేము గుర్తింపలేకపోతిమి. పిల్లలను గుంపుగా వీపున మోయు సాలెపురుగు తోడేలు సాలీడు. అది మనుష్యుని జోలికి రాదు. చేత నలిపినచో నొక్క కాటు వేయునేమో గాని దాని విషము మనకు సాధారణముగా ప్రమాదకరము కాదు.

మరునాడు వైద్యుడు పిల్లవాని మడమలో విరిగియున్న తుమ్మముల్లు తీసివేసెను. మీరాలము చెరువు గట్టున చెప్పులు లేక తిరిగినట్లు చెప్పినచో తల్లి కొట్టునని వాడు దాచియుంచెనట.

మేము చేసిన తప్పు ఒకటి కాదు, రెండు. వన్నెను, పరిమాణమును చూచి పురుగును నిర్ణయించుట మొదటిది. ఆ రెండును సాలెపురుగులలో మిక్కిలి నమ్మరానివి. ఒకే జాతిలో ఆడది ఒక వన్నె, మగది వేరొక వన్నె కావచ్చును. చిన్ననాడు ఒకటి, పెరిగిన పిమ్మట ఒకటి కావచ్చును. రెండవ తప్పు టరాంటులా యను మాట. ఆ మాట చరిత్ర కొంత వింతైనది.

ఇటలీ దేశము దక్షిణకొసన టారంటో యను రేవుపట్టణము కలదు. ఆ ప్రాంతపు పొలములలో నేలలో బొరియ చేసికొని యుండు పెద్ద సాలెపురుగు కరచినచో మనిషి పిచ్చిపట్టినట్లగుననియు, దినములకొలది నృత్యము చేయించి చెమట పట్టించినగాని నయము కాదనియు పూర్వము అక్కడివారు నమ్మిరి. టరాంటెల్లా యను నృత్యమునకు ఆ పేరు ఇట్లే వచ్చెనందురు. ఊరి పేరే పురుగు పేరయ్యెను. ఆ పురుగు మరేదియు కాదు, తోడేలు సాలీడే! లిన్నేయసు 1758లో దానికి టరాంటులా యను జాతినామమునే యుంచెను. దాని కాటు నిజమునకు స్వల్పము. నేరము చేసినది బహుశః ఆ పొలములలోనే యుండు వేరొక నల్ల సాలెపురుగై యుండునని నేటి శాస్త్రజ్ఞుల యభిప్రాయము. తరువాతి కాలమున ఐరోపావారు అమెరికా ఖండములకు పోయి, అక్కడ అరచేయంత నూగుసాలెపురుగులను చూచి, తమకు తెలిసిన భయంకరమైన పేరును వానికి తగిలించిరి. నేడు టరాంటులా యన్న లోకమంతయు ఆ నూగు పురుగులనే తలచును. కావున మేము తోడేలు సాలీడును టరాంటులా యనుట పాత లెక్కలో ఒప్పు, నేటి లెక్కలో తప్పు. ఈ సమర్థన మాకు ఆ రాత్రియే తోచినది గాని కాలిన ఇటుకలముందు నిలిచి చెప్పుకొనుటకు ధైర్యము చాలలేదు.

ఇక గుర్తించుట యెట్లో చూతము. తోడేలు సాలీళ్ల కుటుంబమునకు లైకోసిడే యని పేరు. గ్రీకుభాషలో లూకోస్ అనగా తోడేలు. ఇవి సాధారణముగా వల పన్నవు. నేలపైననే కాచుకొనియుండి, పురుగు దగ్గరకు రాగానే ఒక్క పరుగున మీదపడి పట్టును. ఐతే తోడేళ్లవలె గుంపుగా వేటాడవు. ఎవరి వేట వారిదే. పేరు పెట్టినవారు ఆ సంగతిని పట్టించుకొనలేదు. ప్రపంచమున ఇంతవరకు వర్ణితములైన సాలెపురుగులు 50,000 జాతులకు పైబడినవి. అందు ఈ కుటుంబమునకు చెందినవి 2,400కు మించును.

కుటుంబమును తెలిసికొనుటకు ముఖ్యమైన గుర్తు కన్నులు. సాలెపురుగులకు మిక్కుటముగా ఎనిమిది కన్నులు. తోడేలు సాలీడు ముఖమున క్రిందివరుసలో నాలుగు చిన్న కన్నులు, దానిపై ముందుకు చూచుచు రెండు పెద్ద కన్నులు, వానివెనుక తలమీద ఎడముగా మరి రెండు. నాలుగు, రెండు, రెండు. ఈ లెక్క జ్ఞప్తియందుంచుకొన్నచో చాలును. రాత్రివేళ దీనికి ఇంకను సులభమైన పరీక్ష కలదు. చేతిదీపమును కణతకు ఆనించి పట్టుకొని గడ్డినేలమీదికి చూడుడు. మంచుబిందువులవలె పచ్చగా తళుక్కుమను చుక్కలు కనబడును. వాని వెంట నడచి పోయినచో ప్రతి చుక్కయొద్దను ఒక తోడేలు సాలీడు కూర్చుండియుండును. పిల్లికన్నులయందువలెనే వీని కన్నులలోను వెలుతురును తిప్పికొట్టు పొర యుండుటచే నిట్లు జరుగును. దీపము కన్నులయెత్తునకు క్రిందుగా పట్టుకొన్నచో ఆ మెరుపు మనకు చేరదు. ఇంటి పిల్లలకు ఈ వినోదము చూపి చూడుడు, మరల మరల అడుగుదురు.

రెండవ గుర్తు గ్రుడ్లసంచి. తోడేలు సాలీడు తల్లి గుండ్రని సంచిని తన వెనుకకొసన, దారము వచ్చు నాళములకు తగిలించుకొని యీడ్చుకొనిపోవును. మన యిండ్ల గోడలపై అప్పుడప్పుడు కనబడు చదునైన పెద్ద సాలెపురుగు కలదు, బొద్దింకలను తినునది. అది బిళ్లవంటి తెల్లని సంచిని కడుపుక్రింద పట్టుకొనును. వేరొక కుటుంబమువారు సంచిని కోరలతో కరచి మోయుదురు. తోడేలు సాలీడు పిల్లలు సంచినుండి వెలువడినంతనే తల్లి కాళ్లమీదుగా వీపునకెక్కి కొన్ని దినములు అక్కడనే యుండును. ఫ్రాన్సు దేశపు ప్రకృతి పరిశీలకుడు ఫాబర్ ఒక తల్లినుండి సంచి తీసివేసి, అంతే పరిమాణమున చెక్కిన బెండుముక్కను ఇచ్చి చూచెను. తల్లి దానినే వెనుక తగిలించుకొని మురిసిపోయెను! గుర్తించుటలో పొరబడునది మేమొక్కరమే కామని ఆ వృత్తాంతము చదివినపుడు మాకు కొంత ఊరట కలిగినది.

టరాంటులా యని నేడు వ్యవహరించు నూగు సాలెపురుగులకును తోడేలు సాలీళ్లకును భేదము కోరలలో స్పష్టముగా తెలియును. నూగు సాలెపురుగు కోరలు రెండును సమాంతరముగా, గునపములవలె, పైనుండి క్రిందికి దిగును. తోడేలు సాలీడు కోరలు పట్టకారు కొసలవలె ఎదురెదురుగా వచ్చి కలియును. కడుపుక్రింద చూచినచో మొదటిదానికి ఊపిరితిత్తుల మచ్చలు రెండు జతలు, రెండవదానికి ఒక జత. ఇవి రెండును వంశవృక్షమున ఎంతో దూరపు కొమ్మలు. మనకు ఒకేవిధముగ కనబడుట నూగుచేత మాత్రమే.

వలను చూచి నిర్ణయింపవచ్చునా యని అడుగవచ్చును. అదియు మోసగించును. దక్కను గడ్డినేలలలో తెల్లవారుజామున మంచు పడినపుడు నేలమీద ఉతికి యారవేసిన రుమాళ్లవలె పలుచని వలలు పరచియుండును. ఒక మూల గరాటువలె బొరియ. అందు పురుగు కాచుకొనియుండును. ఇట్లు గరాటువల అల్లువారి కుటుంబము వేరుగా కలదు గనుక ఇదియు అందులోనిదే యనుకొందుము. కన్నులు లెక్కించి చూడుడు: నాలుగు, రెండు, రెండు. ఇది హిప్పాసా యను ప్రజాతి. తోడేలు సాలీళ్ల కుటుంబమున పుట్టియు వల అల్లుట మానని శాఖ. అందొక జాతికి 1884లో సైమన్ అను ఫ్రెంచి పండితుడు 'అగెలెనాయిడీస్' అని పేరు పెట్టెను. అగెలెనా యనగా ఆ రెండవ కుటుంబపు గరాటువల సాలీడు. దానిని పోలినది యని ఈ పేరునకు అర్థము. పోలికను చూచి మోసపోవలదని పేరులోనే హెచ్చరిక చేసినట్లున్నది.

ఇంతవరకు చెప్పినది కుటుంబము మాట. జాతిని నిర్ణయించుట దగ్గర అసలు చిక్కు మొదలగును. దీనికి కన్నులు చాలవు, వన్నె చాలదు, చేతిఫోనుతో తీసిన ఫొటో అంతకన్న చాలదు. ఈ నడుమ ఫొటో చూపినంతనే పేరు చెప్పు యంత్రములు వచ్చినవి. మా పొరుగువారు వానిని మిక్కిలి నమ్ముదురు. సీతాకోకచిలుకకు అవి కొంత పనికివచ్చును. తోడేలు సాలీడు విషయమున అవియు ఆనాటి మావలెనే ధీమాగా తీర్పు చెప్పును. జాతిభేదము తెలియునది జననాంగములయందు. ఆడుదానికి కడుపుక్రింద గట్టిపడిన చిన్న పలక యొకటి యుండును. మగదానికి ముఖమువద్ద నుండు రెండు చిన్న స్పర్శాంగముల కొసలు ఉబ్బి, మెలికలు తిరిగిన నిర్మాణములై యుండును. ఇవి ఒక్కొక్క జాతికి ఒక్కొక్క తీరున నుండును. వీనిని సూక్ష్మదర్శినిక్రింద పెట్టి, పూర్వులు వేసిన చిత్రములతో పోల్చి చూడవలెను. పెరిగిన పురుగునకే ఈ అవయవములు పూర్తిగా నేర్పడును. చివరి కుబుసము విడువని పిల్లపురుగునకు ఎంతటి పండితుడును సాధారణముగా జాతినామము చెప్పజాలడు.

మన దేశపు తోడేలు సాలీళ్లను గూర్చి ఇట్టి చిత్రములు వేసియిచ్చినవారిలో గ్రేవ్‌లీ యొకడు. ఆయన మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలకు అధ్యక్షుడుగా నుండెను. ఈ కుటుంబమును గూర్చిన ఆయన వ్యాసము 1924లో వెలువడెను. తరువాత 1980లో టికాదర్, మల్హోత్రా గార్లు భారత జంతుజాలము గ్రంథమాలలో ఒక సంపుటమున ఈ కుటుంబమును సవిస్తరముగా వర్ణించిరి. ఆ గ్రంథములు చూచువారికి ఒక సంగతి తట్టును. లైకోసా యను ప్రజాతినామము క్రింద ఎన్నో భారతీయ జాతులు చేర్చబడి యున్నవి. అసలు లైకోసాలు మధ్యధరా సముద్రప్రాంతమునకు చెందినవి. మన దేశమున ఆ పేరు మోయుచున్న పెక్కింటిని మరల పరీక్షించి తగిన యింటికి పంపవలసి యున్నది. ఆ పని ఇంకను పూర్తి కాలేదు.

ఇల్లు మారుట యన్నది శాస్త్రములో వట్టి మాట కాదు, దానికి గుర్తు కలదు. జాతినామము ప్రక్కన దానిని మొదట వర్ణించినవాని పేరు, సంవత్సరము వ్రాయుదురు. ఆ పేరు కుండలీకరణములలో నున్నచో, ఆ జాతి పుట్టిన ప్రజాతిని విడిచి వేరొక ప్రజాతిలో చేరినదని అర్థము. కుండలీకరణములు లేనిచో పుట్టింటనే యున్నదన్నమాట. మన వరిపొలముల తోడేలు సాలీడు ఇందుకు మంచి ఉదాహరణము. 1906లో వర్ణింపబడిన ఆ జాతి లైకోసా యను పేర చాలకాలము వ్యవహరింపబడి, నేడు పార్డోసా ప్రజాతిలో నున్నది. పాత వ్యవసాయ పుస్తకములలో ఒక పేరు, క్రొత్తవానిలో మరియొక పేరు కనబడును, పురుగు ఒకటే. ఇది వరిని పీల్చు సుడిదోమను తినును. 1970ల దశకపు చివర ఫిలిప్పీన్సు దేశమున జరిగిన పరిశోధనలలో, మందు చల్లిన మడులలోనే సుడిదోమ విజృంభించుట కనుగొనిరి. దోమ గ్రుడ్లు వరికాడలో దాగి మందుకు తప్పించుకొనును. వానిని తినవలసిన సాలీళ్లు చచ్చును. మా యింటికి కొద్దిదూరముననే, రాజేంద్రనగరములో, 1965 నుండి అఖిల భారత వరి పరిశోధన జరుగుచున్నది. మడిలో సాలీళ్లను చూచి పురుగుపట్టినదని మందు చల్లు రైతు, ఇటుకలపై కిరోసిన్ పోసిన మా గల్లీ యువకులకన్న ఎక్కువ తప్పు చేసినవాడు కాడు. ఇద్దరికిని పేరు చెప్పవలసినవారు సరిగా చెప్పలేదు.

అవయవములు సైతము చాలని సందర్భము లున్నవి. ఐరోపా అడవులలో ఎండుటాకులపై తిరుగు తోడేలు సాలీడు పార్డోసా లుగూబ్రిస్ అని 1802 నుండి ప్రసిద్ధము. అడవి అంచున ఎక్కడ చూచినను అదే యని వ్రాసికొనుచుండిరి. కాని మగపురుగులు ఆడుదానియెదుట చేయు నాట్యమును ఓపికతో పరిశీలించినవారికి అందులో పెక్కు తీరులు కనబడినవి. ఒక తీరున ఆడు మగదానిని వేరొక తీరునకు అలవాటుపడిన ఆడుది అంగీకరింపదు. చూపునకు ఇంచుమించు ఒక్కటే, కాపురమునకు వేరు. 2000లో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆ గుంపును విడదీసి రెండు క్రొత్త జాతులను వర్ణించిరి. అందొకటి సాల్టాన్స్, లాటిన్ భాషలో నాట్యమాడునది యని అర్థము. బ్రిటనులో లుగూబ్రిస్ అని రెండువందల యేండ్లు వ్రాసికొన్నది చాలవరకు ఈ సాల్టాన్సే యని తేలినది. పాత సీసాల లేబిళ్లన్నియు మరల చూచుకొనవలసి వచ్చెను. మన నల్లమలలోను, శేషాచలమునను ఇట్టి నాట్యములెన్ని చూడవలసి యున్నవో!

పేరు సరిగా నున్నను ఊరు తప్పినచో ఏమగునో చెప్పు కథ మన తెలుగునాటనే జరిగినది. ఇది తోడేలు సాలీడు కాదు. నేటి వాడుకలో టరాంటులా యనదగిన నూగు సాలెపురుగే. 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ఒక క్రొత్త జాతిని వర్ణించెను. అతనికి అందినది ఒకేయొక పురుగు. అది అనంతపురము మండలము గుత్తిలో, రైలువారి కలప నిలువచేయు దొడ్డిలో దొరికినది. లోహమువలె మెరయు నీలివన్నె కలది గనుక పొయెసిలోథీరియా మెటాలికా యని పేరుంచెను. ఆ నీలి రంగు వర్ణద్రవ్యముచే వచ్చినది కాదు. నూగు వెండ్రుకల సూక్ష్మనిర్మాణముపై వెలుతురు పడి కలుగు వన్నె. పోకాక్ పెట్టిన పేరు నేటికిని కుండలీకరణములు లేకయే యున్నది, ఇల్లు మారలేదు. లండను ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలోని ఆ పురుగే జాతికి ప్రమాణము. లోకమంతట దానికి గుత్తి టరాంటులా యని పేరు వచ్చెను.

ఐతే అది గుత్తి పురుగు కాదు. ఎత్తైన చెట్ల తొర్రలలో కాపురముండు ఆ జాతికి గుత్తి కొండ క్రింది రైలుదొడ్డి పుట్టినిల్లు కానేరదు. నూటరెండేండ్లు దానిని అడవిలో చూచినట్లు ఎవరును వ్రాయలేదు. 2001లో, గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరమున, నంద్యాల గిద్దలూరుల నడుమనున్న అడవిలో అది మరల కనబడినది. ఆ అడవి గుండ రైలుమార్గము పోవుచున్నది. ఆనాడు కలప దుంగతోపాటు రైలెక్కి గుత్తిలో దిగియుండునని శాస్త్రజ్ఞుల యూహ. టిక్కెట్టులేని ప్రయాణికుడు దిగిన స్టేషను పేరే వాని ఊరి పేరుగా నూరేండ్లు చెలామణి యైనది!

ఇందులో నవ్వుటకు కొంత యున్నను, నష్టము కొంత కాదు. లేబిలుపై గుత్తి యని యున్నంతకాలము గిద్దలూరి చెట్టు నరికినవానికి, తాను నరికినది ఎవరి యిల్లో తెలియు మార్గము లేదు. ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘము 2008లో ఈ జాతిని తీవ్రాపాయములో నున్నదానిగా ప్రకటించెను. అప్పటికి తెలిసిన దాని నివాసము 100 చదరపు కిలోమీటర్లకు లోపు. అందును కలపకై, వంటచెరకుకై చెట్లు పోవుచుండెను. అదిగాక నీలివన్నె మోజుచే విదేశములలో దీనిని గాజుపెట్టెలలో పెంచుకొనువారు బయలుదేరిరి. 2019లో జరిగిన అంతర్జాతీయ సమావేశమున ఈ ప్రజాతిలోని జాతులన్నిటి వ్యాపారమును అనుమతిపత్రములకు లోబరచిరి. సుంకపు అధికారి పెట్టె తెరచి చూచినపుడు అందున్న పురుగు ఏ జాతిదో గుర్తింపగలిగిననే ఆ కట్టడి పనిచేయును. కోరలను, కడుపుక్రింది పలకను చూచు ఆ నీరసమైన చదువు అక్కడ అక్కరకు వచ్చును.

మరల మా వాకిటికి వత్తము. సీసాలోని తల్లి ఏ జాతిదని మమ్ము చాలమంది అడిగిరి. పిల్లలతో నున్నది గనుక అది పెరిగిన పురుగే. ఆల్కహాలులో వేసి, పలకను సూక్ష్మదర్శినిక్రింద చూచి, గ్రేవ్‌లీ చిత్రములతోను టికాదరు చిత్రములతోను పోల్చియుండవచ్చును. మూత తీసి చేత పట్టుకొని చాలసేపు కూర్చుంటిమి. ఆ కుప్పలో మా మాటచే ఎన్ని కాలినవో లెక్క తెలియదు. మరియొకదానిని చంపుటకు చేయి రాలేదు. వేపచెట్టు మొదట విడిచివేసితిమి. కావున దాని జాతి మాకు నేటికిని తెలియదు. శాస్త్రజ్ఞుడు అట్లు చేయరాదని మాకును తెలియును.

ఆ పిల్లవాడిప్పుడు హైస్కూలు చదువుచున్నాడు. రాత్రివేళ చేతిదీపము కణతకు ఆనించుకొని మా పెరటిలో తిరుగుట వానికి వ్యసనమైనది. ఇటుకలు మరల పోగుపడినవి. ఎవరును అంటించుట లేదు. గత నెల వాడు అదే పచ్చడిసీసాలో ఒక చిన్న తోడేలు సాలీడును తెచ్చి "తాతా, దీని పేరేంది?" యని అడిగెను. కన్నులు వానిచేతనే లెక్కపెట్టించితిమి. పిమ్మట ఒక కాగితపు ముక్కపై దొరికిన చోటు, తేది, పట్టినవాని పేరు, కుటుంబము వ్రాసి సీసాకు అంటించి, జాతి యన్నచోట గీత మాత్రము గీచితిమి.

"గీడ ఏం రాయలేదేంది?"

"ఇది ఇంకా పిల్ల. ఇంకెన్ని కుబుసాలు విడవాలో, విడిచినంక చూద్దాం."

నాటినుండి వాడు దినము విడిచి దినము ఈగలను పట్టి తెచ్చి వేయుచున్నాడు. నిన్న ఉదయము సీసా అడుగున చుట్టచుట్టుకొని తెల్లని కుబుస మొకటి కనబడెను. భూతద్దముతో కడుపుక్రింద చూచితిమి. పలక ఇంకను ఏర్పడలేదు.